నెల్లూరు హోటల్లో పెళ్లి పెట్టుకునే ముందు

హాలుకు అడ్వాన్సు కట్టకముందే ముహూర్తం వేళ చెప్పి, ఆ సమయంలో హోమం వెలిగించడానికి అనుమతి ఉందో లేదో హోటల్ వారి చేత కాగితం మీద రాయించుకోవాలి. పొగను పసిగట్టే అలారం ఉన్న ఏసీ హాలులో, సరిగ్గా మాంగల్యధారణ వేళ అది మోగితే పురోహితుని మంత్రం ఆగిపోతుంది, ఆడపిల్ల తల్లి కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మన జిల్లాను వదలవు కనుక, ఆరుబయట పందిరి వేసినా లోపలి హాలును కూడా అదే తేదీకి పట్టి ఉంచాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు పెట్టకూడదు.

భోజనాల లెక్క విస్తరి చొప్పునా, మనిషి చొప్పునా అన్నది ముందే తేల్చుకోవాలి.

కొత్త జంటను పెన్న ఒడ్డున ఉన్న తల్పగిరి రంగనాథస్వామి గుడికి తీసుకెళ్లదలిస్తే, దర్శన వేళలు కనుక్కుని పెద్దవాళ్లకు విడిగా కారు ఏర్పాటు చేయాలి.