జర్మనీలో అద్దె ఇంటి గాజు పొయ్యి పగిలితే డబ్బు ఎవరు కట్టాలి?

తిరుపతిలో అద్దెకు దిగితే వంటింట్లో గట్టు, సింకు తప్ప ఏమీ ఉండవు. స్టవ్వు మనదే, సిలిండరూ మనదే. ఖాళీ చేసేటప్పుడు సున్నానికని ఓనరు అడ్వాన్సులో కొంత పట్టుకుంటాడు, అంతే. జర్మనీలో చాలా అద్దె ఇళ్లలో పొయ్యి ఓనరుది, పైన చదునైన నల్ల గాజు పలక ఉండే కరెంటు పొయ్యి. (కొన్నిట్లో వంటగది సామానే ఉండదు, ఉత్త గోడలు ఇస్తారు. అది వేరే కథ.)

వచ్చిన రెండో నెలలోనే పై అలమరలోంచి గోంగూర పచ్చడి సీసా జారి నా పొయ్యి మీద పడింది. సీసాకు ఏమీ కాలేదు. నల్ల గాజు మీద మాత్రం మూల నుంచి మూలకు బీట. భయపడి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. అది తప్పు. వెంటనే చెప్పడం ఇక్కడి చట్టం ప్రకారం అద్దెకున్నవాళ్ల బాధ్యత. బీట పడ్డ పొయ్యి ఆన్ చేయకండి, లోపలికి నీళ్లు దిగితే షాక్ కొట్టొచ్చు. ఫ్యూజు ఆపేసి, ఫొటోలు తీసి, అదే రోజు ఓనరుకు మెయిల్ పెట్టండి.

"కావాలని చేశానా?" అంటే కుదరదు. అజాగ్రత్త వల్ల పగిలినా మనమే కట్టుకోవాలి. కాకపోతే వాడిన పొయ్యికి కొత్తదాని ధర కట్టక్కర్లేదు, దాని వయసును బట్టి మిగిలిన విలువే కట్టాలి. దీన్ని త్సైట్‌వేర్ట్ అంటారు. నాకు మొదట పంపిన లెక్కలో కొత్త పొయ్యి ధర మొత్తం వేశారు. పాతది ఎప్పుడు కొన్నారో బిల్లు చూపించమని మర్యాదగా అడిగాను, లెక్క తగ్గింది. మామూలు వాడకంతో పడే సన్న గీతలకైతే అసలేమీ కట్టక్కర్లేదు. అందుకే ఇల్లు తీసుకునే రోజే ఉన్న గీతలన్నీ అప్పగింత కాగితంలో రాయించుకోండి. కౌత్సియోన్, అంటే మన అడ్వాన్సు, హీటింగ్ లాంటి ఖర్చులు కలపని 3 నెలల అద్దెను మించకూడదు.

ఎదుటివాళ్ల వస్తువులకు మనం చేసిన నష్టం కట్టే ఇన్సూరెన్సును హాఫ్ట్‌ఫ్లిష్ట్ అంటారు. అది లేకుండా ఉండొద్దని నా మాట. తీసుకునే ముందే గాజు పొయ్యికి వర్తిస్తుందా అని రాతలో అడగండి. చాలా పాలసీలు గాజును మినహాయిస్తాయి, దానికి విడిగా గాజు ఇన్సూరెన్సు ఉంటుంది. ఓనరుకు డబ్బు పంపేయకముందే కంపెనీకి చెప్పాలి.

సీసా ఒకటే శత్రువు కాదు. అరిసెలకు బెల్లం పాకం పడుతుంటే పొంగిందా, పొయ్యి చల్లారేదాకా ఆగకండి. గట్టిపడ్డ పాకం గాజు పెచ్చును లేపుకుని వస్తుంది. వేడి మీదే బ్లేడు స్క్రేపరుతో, చెయ్యి కాలకుండా, గీకేయాలి.

మొన్న ఊరికి వెళ్తే ఎదురింటి పిన్ని, జర్మనీకి వస్తున్న వాళ్ల అబ్బాయి కోసం గాంధీ రోడ్డులో కొన్న ఇనప పెనం చూపించింది. "పిల్లోడు తీసుకుపోవచ్చునా?" అంది. తిరగేసి చూస్తే అడుగు గుండ్రంగా, గరుకుగా ఉంది.

"అడుగు చదునుగా ఉండేది మార్చుకో పిన్నీ. పచ్చడి మాత్రం ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు."