ఫ్లయింగ్ స్కూల్‌కి డబ్బు కట్టే ముందు ఏం చేయాలి?

ఇంటర్ ఫలితాలు రాగానే అనంతపురం, చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని పైలట్లు చేయాలని వెంటబెట్టుకుని బెంగళూరు వస్తారు. ఒక కన్సల్టెన్సీలో కూర్చుంటారు, గోడమీద యూనిఫాం ఫొటోలు చూస్తారు, సాయంత్రానికి అడ్వాన్స్ కట్టేస్తారు. గ్రౌండ్ క్లాసులు, అంటే పైలట్ పరీక్షల పాఠాలు, చెప్పే నా దగ్గరికి ఆ తర్వాత వస్తారు. వరస ఇది కాదు. ముందు మెడికల్ (ఆరోగ్య పరీక్ష), తర్వాత రాతపరీక్షలు, ఆ తర్వాతే స్కూలు. డబ్బు అన్నిటికన్నా ఆఖరున.

అర్హత తేలికే. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ పాసై ఉండాలి. బైపీసీ వాళ్లు మ్యాథ్స్ ఒక్కటీ ఓపెన్ స్కూల్లో రాసుకోవచ్చు. కమర్షియల్ లైసెన్సు, అంటే సీపీఎల్, చేతికి రావడానికి 18 ఏళ్లు నిండాలి. పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ. దాని సైట్‌లో ఈజీసీఏ అనే ఆన్‌లైన్ ఖాతా, పరీక్షలు రాయడానికి కావాల్సిన కంప్యూటర్ నంబర్ మీరే తీసుకోవచ్చు. దానికి ఏజెంటు అక్కర్లేదు.

మెడికల్‌లో రెండు మెట్లు: మొదట డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2, ఆపైన సీపీఎల్‌కి కావాల్సిన క్లాస్ 1. బెంగళూరులోనైతే క్లాస్ 1 కోసం ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఉంది. కళ్లద్దాలుంటే పైలట్ కాలేరన్న మాట పట్టించుకోకండి, అద్దాలతో చూపు సరిపోతే చాలు. రంగుల గుర్తింపు మాత్రం ముందే చూపించుకోవాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదన్న సంగతి లక్షలు కట్టాక బయటపడితే ఆ ఇంటి పరిస్థితి ఏమిటో ఆలోచించండి.

పరీక్షల్లో ముఖ్యమైనవి నావిగేషన్ (దారి లెక్కలు), మెటియరాలజీ (వాతావరణం), రెగ్యులేషన్స్ (విమానయాన నియమాలు), టెక్నికల్ జనరల్ (విమానం, ఇంజిన్ పనిచేసే తీరు). ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. రేడియోలో మాట్లాడటానికి ఆర్‌టీఆర్ అనే లైసెన్సు వేరే. మొదటి మూడూ పాసవకుండా ఫ్లయింగ్‌లో చేరకూడదన్నది నా మాట, ఇందులో మినహాయింపు లేదు. చేరాక పుస్తకం పట్టుకుంటే ఫ్లయింగ్ ఆగుతుంది, విమానం ఎక్కితే పుస్తకం ఆగుతుంది. ఆరు నెలల్లో పాసయ్యే పిల్లలు ముందే ఫ్లయింగ్ స్కూలుకెళ్లి ఏడాదిన్నర చేస్తున్నారు.

ఇక అసలు విషయం స్కూలు. డీజీసీఏ 2025 అక్టోబరు నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇస్తోంది. అవి చూడండి, కానీ అక్కడితో ఆగకండి. రన్‌వే ఉన్న చోటికి మీరే స్వయంగా వెళ్లాలి. బెంగళూరు ఆఫీసు చూసి స్కూలు చూశాననుకోవద్దు, విమానాలు వేరే రాష్ట్రంలో ఉండొచ్చు. పొలం కొనేటప్పుడు గట్టు మీద నిలబడి హద్దులు చూస్తాం కదా, ఇదీ అంతే.

వెళ్లిన రోజు ఉదయం ఆరు గంటలకల్లా అక్కడుండండి. గాలి నెమ్మదిగా ఉండే ఆ వేళలోనే ఎక్కువ ఫ్లయింగ్ జరగాలి. హ్యాంగర్‌లో ఎన్ని విమానాలున్నాయో లెక్కపెట్టకండి, ఎన్ని ఎగురుతున్నాయో లెక్కపెట్టండి. ప్రొపెల్లర్ ఊడదీసి ఉన్నది, ఇంజిన్ మూత తీసి దుమ్ము పట్టినది, టైరులో గాలి దిగిపోయినది కూడా బ్రోచర్‌లో విమానమే. స్పేర్ పార్టు రాక నెలల తరబడి కూర్చున్న సెస్నా శిక్షణ విమానాలు బోలెడు.

ఉదాహరణకు ఎగిరే విమానాలు 6, ఒక్కోటి రోజుకి 4 గంటలు అనుకుందాం. రోజుకి 24 గంటలు. వాన, పొగమంచు, సెలవులు పోగా నెలకి 20 రోజులు దొరికితే 480 గంటలు. స్టూడెంట్లు 120 మంది ఉంటే తలకి నెలకి 4 గంటలే. సీపీఎల్‌కి 200 గంటలు కావాలి. అంటే నాలుగేళ్లు దాటుతుంది. ఏడాదిలో అయిపోతుందని చెప్పిన మనిషి ముందు ఈ లెక్క కాగితం మీద వేసి, ఎక్కడ తప్పో చూపించమనండి.

తర్వాత క్యాంటీన్‌కి వెళ్లి పిల్లలతో మాట్లాడండి. తెలుగు పిల్లలు ప్రతి స్కూల్లోనూ ఉంటారు, అన్నా అని పలకరిస్తే దాచకుండా చెబుతారు. "బాగుందా?" అని అడగొద్దు. "ఎప్పుడు చేరావు, లాగ్‌బుక్‌లో ఎన్ని గంటలున్నాయి, పోయిన నెల ఎన్ని ఎగిరావు?" అని అడగండి. కనీసం నలుగురిని, అందులో ఏడాది దాటినవాళ్లు ఇద్దరిని. ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది, ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు, ఏవీగ్యాస్ ఇంధనం ఎప్పుడైనా అయిపోయిందా అన్నదీ వాళ్లే చెప్పాలి. అడ్మిషన్లు చూసే కౌన్సిలర్ చెప్పింది లెక్కలోకి రాదు.

ఫీజు మొత్తం ఒకేసారి కట్టమంటే లేచి వచ్చేయండి, డిస్కౌంట్ ఎంతిచ్చినా సరే. ఎగిరిన గంటలకి తగ్గట్టు వాయిదాలు ఉండాలి. ఆలస్యమైతే హాస్టల్ ఖర్చు ఎవరిది, 200 దాటి అదనపు గంటలు పడితే రేటెంత, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు, ఇవన్నీ సంతకం, సీలుతో రాతపూర్వకంగా తీసుకోండి. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుకి నోటిమాట సరిపోదు.

విదేశాల్లో త్వరగా అయిపోతుందని వెళ్లేవాళ్లున్నారు. ఎగరడం త్వరగానే అవుతుంది. తిరిగొచ్చాక ఇక్కడి లైసెన్సుగా మార్చుకోవడానికి మళ్లీ డీజీసీఏ పరీక్షలు, చెక్ రైడ్‌లు (విమానం నడిపి చూపించే పరీక్షలు) తప్పవు. మంచి స్కూలు దొరికితే ఇక్కడే నేర్చుకోవాలి. మన వాతావరణం, మన ఏటీసీ (విమానాలకు రేడియోలో దారి చెప్పే కంట్రోలర్లు) మొదటి రోజు నుంచే అలవాటవుతాయి.

సీపీఎల్ వచ్చిన వారానికే టైప్ రేటింగ్‌కి, అంటే ఒక రకం పెద్ద విమానం నడిపే అర్హతకి, ఇంకో పెద్ద మొత్తం కట్టొద్దు. ఇండిగోలో ఎక్కువగా ఉన్నవి ఎయిర్‌బస్ ఏ320 రకాలు, ఆకాశ ఎయిర్‌లో ఉన్నవి బోయింగ్ 737 మ్యాక్స్‌లు. ఒకదాని రేటింగ్ రెండోదానికి పనికిరాదు. ఏ ఎయిర్‌లైన్ ఉద్యోగంలోకి తీసుకుంటోందో తేలాకే ఏది చేయాలో నిర్ణయించుకోండి. ఈలోగా క్లాస్ 1 మెడికల్‌ని ఏటా గడువుకి ముందే రెన్యూ చేయించుకుంటూ, టెక్నికల్ జనరల్ పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి చదవండి. ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూలో దాన్నుంచి తప్పకుండా అడుగుతారు.