ఫోన్ ఎంపిక నేర్చుకుందాం – 3వ పాఠం: ఆండ్రాయిడా, ఐఫోనా?

గత పాఠంలో ర్యామ్ అంటే ఏంటి, స్టోరేజీ అంటే ఏంటి, షాపువాళ్లు చెప్పే అంకెల్లో మనకు పనికొచ్చేవి ఏవి అన్నది చూశాం. మీ ఫోన్‌లో ఎంత స్టోరేజీ నిండిందో, అందులో వాట్సాప్ ఎంత తింటోందో రాసి పెట్టుకోమన్నాను. ఆ కాగితం దగ్గర ఉంచుకోండి. ఈ పాఠం చివర్లో దానితో పని పడుతుంది.

హనుమకొండ చౌరస్తాలో ఏ మొబైల్ షాపులోకి వెళ్లినా ముందు అడిగేది "బడ్జెట్ ఎంతన్నా?" అని. ఆ తర్వాత కెమెరా, బ్యాటరీ, రంగు. ఫోన్‌ను లోపల నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి మనమూ అడగం, వాళ్లూ చెప్పరు. కొన్న రోజు నుంచి మార్చే రోజు దాకా మనం వేగాల్సింది మాత్రం దానితోనే. టైపు చేయడం, డబ్బు పంపడం, ఫోటోలు దాచుకోవడం, పాడైతే బాగు చేయించుకోవడం, అన్నీ దాన్నిబట్టే నడుస్తాయి.

ఇవాళ మన ముందున్నవి రెండే. ఒకటి గూగుల్ వాళ్ల ఆండ్రాయిడ్. 2008లో మొదటి ఫోన్ వచ్చింది. శాంసంగ్, షావోమీ, వివో, రియల్‌మీ లాంటి కంపెనీలన్నీ దానికి తమ తమ మెరుగులు దిద్ది అమ్ముతాయి. రెండోది 2007లో మొదలైన ఆపిల్ ఐఫోన్‌ది, ఐఓఎస్. దాన్ని ఆపిల్ తప్ప ఇంకెవరూ వాడరు. ఒకప్పుడు విండోస్ ఫోన్ కూడా ఉండేది. ఫోన్లు బాగానే ఉన్నా యాప్‌లు చేసేవాళ్లు అటు రాలేదు. 2019 డిసెంబరు తర్వాత వాట్సాప్ కూడా దాన్ని వదిలేసింది. ఫోన్ చెడిపోలేదు, అందులో చేసుకోవడానికి పనే లేకుండా పోయింది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా పాఠం తేలిగ్గా ఎక్కుతుంది.

ముందు పనులు రాయండి

పక్క చేనులో పత్తి విరగ కాసిందని అదే విత్తనం తెచ్చుకుంటాం. వాళ్లది నల్లరేగడి, మనది చెల్క అయితే ఏమవుతుందో రైతులకు చెప్పక్కర్లేదు. ఫోన్ విషయంలోనూ ముందు మన నేల చూసుకోవాలి. నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి, ఫోన్‌తో మీరు వారంలో నిజంగా చేసే పనులు రాయండి. చేయాలని అనుకునేవి వద్దు, చేసేవే రాయండి.

పరకాల దగ్గర మిర్చి పండించే రైతును తీసుకుందాం. ఎనుమాముల మార్కెట్ ధరలు వాట్సాప్ గ్రూపులో చూడటం, ఫోన్‌పేలో డబ్బు తీసుకోవడం, యూట్యూబ్, వాయిస్ మెసేజ్‌లు. ఇవన్నీ రెండింటిలోనూ ఒకేలా నడుస్తాయి. అలాంటప్పుడు ఆయన చూడాల్సింది రెండు విషయాలు. ఇంట్లో ఎవరి దగ్గర ఏ ఫోన్ ఉంది? ఎక్కడైనా చిక్కుకుంటే ఎవరు చెప్పగలరు? ఇంటిల్లిపాదీ ఆండ్రాయిడ్ వాడుతుంటే, ఆయనొక్కరి చేతిలో ఐఫోన్ పెట్టడం ఆయన్ను ఒంటరి చేయడమే. అడిగితే చెప్పేవాళ్లు ఇంట్లో ఉండటం ఏ ఫీచర్ కన్నా పెద్దదని నా గట్టి నమ్మకం.

జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ కుటుంబాలు ఎక్కువ. ఐఫోన్ ఉంటే ఆపిల్ వాళ్ల వీడియో కాల్ యాప్ ఫేస్‌టైమ్‌లో మాట్లాడుకోవచ్చని కొందరు కొంటుంటారు. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కీ, ఫేస్‌టైమ్‌కీ ఆంక్షలున్నాయి. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు రెండు రకాల ఫోన్లలోనూ దొరుకుతాయి. ఆ ఒక్క కారణంతో ఐఫోన్ కొనాల్సిన పని లేదు.

ఇంకా ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయి?

ఈ పాఠంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోండి. అప్‌డేట్ అంటే కొత్త రంగులు, కొత్త బొమ్మలే కాదు. ఫోన్‌లో బయటపడ్డ లొసుగులను ఎప్పటికప్పుడు పూడ్చడం. అవి ఆగిపోయిన ఫోన్‌లో బ్యాంకు యాప్ పెట్టుకోవడం మంచిది కాదు.

2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" వల్ల వచ్చిన గోల గుర్తుందా? ఆ అక్షరం ఒక రకం కూర్పుతో మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు టపటపా మూతపడేవి. అదే నెల 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. అంతకుముందు అప్‌డేట్ నడుస్తున్న ఐఫోన్లన్నింటికీ ఒకేసారి అందింది. ఆండ్రాయిడ్‌లో అలా కుదరదు. గూగుల్ తరచూ మరమ్మతు ఇస్తుంది కానీ, దాన్ని మీ ఫోన్ కంపెనీ తీసుకుని, తన ఫోన్‌కు సరిపడేలా మార్చి పంపాలి. కొన్ని కంపెనీలు వెంటనే పంపుతాయి, కొన్ని నెలలు గడిపేస్తాయి, తక్కువ ధర మోడళ్లను కొన్ని త్వరగానే వదిలేస్తాయి.

ఆండ్రాయిడ్ అంటే అప్‌డేట్లు రావని కొట్టిపారేయడం కూడా తప్పే. 2023లో గూగుల్ పిక్సెల్ 8కి, 2024లో శాంసంగ్ ఎస్24కి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ఆ కంపెనీలు మాటిచ్చాయి. ఐఫోన్ వైపు చూస్తే, 2018లో వచ్చిన ఎక్స్ఆర్‌కు 2024లో వచ్చిన ఐఓఎస్ 18 దాకా అందింది, 2025 నాటి కొత్త వెర్షన్ అందలేదు. కాబట్టి తేడా ఐఫోన్‌కూ ఆండ్రాయిడ్‌కూ మధ్య కన్నా, ఖరీదైన ఆండ్రాయిడ్‌కూ చవక ఆండ్రాయిడ్‌కూ మధ్యే ఎక్కువ.

ఇక లెక్క. అప్‌డేట్ల గడువు మీరు కొన్న రోజు నుంచి కాదు, మామూలుగా ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క. దసరా ఆఫర్లలో భారీ తగ్గింపుతో కనిపించేవి చాలావరకు పాత మోడళ్లే. రెండేళ్ల కిందట వచ్చిన మోడల్‌కు నాలుగేళ్ల మాట ఉంటే మీకు మిగిలేది రెండేళ్లు. ధర 14,000 అనుకుంటే ఏడాదికి 7,000 పడింది. 24,000 ఫోన్‌కు ఆరేళ్లు మిగిలుంటే ఏడాదికి 4,000. చవక అనుకున్నది ఖరీదై కూర్చుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేరు వెతికి, ఎన్నేళ్లు ఇస్తామన్నారో చదివాకే షాపుకు వెళ్లండి. అక్కడ రాసి లేకపోతే షాపతను ఎంత నమ్మకంగా చెప్పినా ఆ మాటను లెక్కలోకి తీసుకోవద్దు.

తెలుగు

ఆండ్రాయిడ్‌లో ఫోన్ మొత్తాన్ని తెలుగులోకి మార్చుకునే వీలు చాలా ఏళ్లుగా ఉంది. ఐఫోన్‌లో తెలుగు కీబోర్డు ముందు నుంచే ఉన్నా, మెనూలన్నీ తెలుగులో కనిపించే సదుపాయం 2025లో ఐఓఎస్ 18.4తో వచ్చింది. చదువు అంతగా రాని పెద్దవాళ్లకు మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్పడం నేర్పించండి. షాపులోనే వాళ్ల చేతికిచ్చి, వాళ్ల మాటల్లో రెండు వాక్యాలు చెప్పించి చూడండి. మన యాస సరిగ్గా పడుతోందా లేదా అక్కడే తెలిసిపోతుంది.

పెళ్లికార్డు పేరుతో వచ్చే ఫైలు

వాట్సాప్‌లో పెళ్లి పత్రిక అనో, పీఎం కిసాన్ అనో ఒక ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు వస్తుంది. నొక్కి ఇన్‌స్టాల్ చేసి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే మెసేజ్‌లు, ఓటీపీలు దొంగల చేతికి వెళ్తాయి. బయటి నుంచి యాప్ వేసుకునే స్వేచ్ఛ ఆండ్రాయిడ్‌లో ఉంది కాబట్టే ఈ మోసం అక్కడ నడుస్తోంది. ఏపీకే ఫైలు ఐఫోన్‌లో ఇన్‌స్టాల్ కాదు. ఇంట్లో ఏది కనబడితే అది నొక్కే పెద్దవాళ్లుంటే, ఐఫోన్ వైపు మొగ్గడానికి ఇది నిజమైన కారణం. ఆండ్రాయిడే ఉంచుకుంటే సెట్టింగ్స్‌లో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" తెరిచి, వాట్సాప్ ఎదురుగా ఉన్న మీట ఆపేసి ఉందో లేదో ఇప్పుడే చూడండి. పోలీసులమని ఫోన్ చేసి బెదిరించే మోసానికి మాత్రం రెండూ ఒకటే. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అమెరికా నుంచి వచ్చిన ఐఫోన్

వరంగల్, కరీంనగర్ ఇళ్లల్లో ఇది తరచూ ఎదురయ్యే పరిస్థితి. డల్లాస్‌లో ఉన్న కొడుకు సెలవుకు వస్తూ అమ్మకు ఐఫోన్ తెస్తాడు. ప్రేమతో తెచ్చిందే. తర్వాత అమ్మ పడే ఇబ్బంది ఆయన కంటికి కనబడదు.

మొదటిది సిమ్. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే చోటే లేదు, అంతా ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోపలే ఉండే సిమ్. ఇక్కడి నంబరును ఈసిమ్‌గా మార్చుకోవచ్చు. కానీ ఊళ్లో మనకున్న అలవాటు వేరు. ఫోన్ కింద పడి పగిలితే సిమ్ తీసి పాత కీప్యాడ్ ఫోన్‌లో వేసుకుంటాం. ఈసిమ్‌తో అది కుదరదు. ఆ పూట అమ్మ నంబరు మూగబోతుంది.

రెండోది లాక్. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే క్యారియర్ లాక్ అనే వరుస ఉంటుంది. అక్కడ "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉంటేనే మన నెట్‌వర్క్ పనిచేస్తుంది. అమెరికాలో వాయిదాల మీద కొన్న ఫోన్‌కు ఈ లాక్ ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి విమానం ఎక్కకముందే చూడమని చెప్పండి.

మూడోది ఆపిల్ ఖాతా. తొందరలో కొడుకు తన ఖాతాతోనే ఫోన్ మొదలుపెట్టి ఇచ్చేస్తాడు. ఆ ఖాతా దేశం అమెరికా కావడంతో ఇక్కడి కొన్ని యాప్‌లు వెతికినా కనబడవు. ఫోన్ రీసెట్ చేయాల్సి వస్తే కొడుకు పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోదు. అమ్మ పేరు మీద, దేశం ఇండియాగా, అమ్మ నంబరుతో వేరే ఖాతా చేసి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టించండి.

మారాలనుకుంటే

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు వెళ్లేవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది వాట్సాప్ దగ్గర. గూగుల్ డ్రైవ్‌లో దాచిన చాట్ల కాపీని, అంటే బ్యాకప్‌ను, ఐఫోన్ తెరవలేదు. కొత్త ఐఫోన్‌ను మొదటిసారి ఆన్ చేసేటప్పుడే "మూవ్ టు ఐఓఎస్" యాప్‌తో చాట్లు తెచ్చుకోవాలి. తర్వాత చేద్దాంలే అనుకుంటే మళ్లీ రీసెట్ చేయాల్సి వస్తుంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే జాగా కూడా చూసుకోండి. గూగుల్ 15 జీబీ ఇస్తుంది, ఆపిల్ 5 జీబీ. గతసారి రాసుకున్న కాగితం తీయమన్నది ఇందుకే. మీ ఫోటోలు, వాట్సాప్ కలిపి 5 జీబీ దాటితే, ఐఫోన్‌లో బ్యాకప్ కోసం నెలనెలా కొంత కట్టాల్సి రావచ్చు. ఆ ఖర్చు కూడా ఏడాది లెక్కలో కలపండి.

ఈ వారం అభ్యాసం

మీ ఇప్పటి ఫోన్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్ తెరిచి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ రాసుకోండి. ఐఫోన్ అయితే జనరల్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చూడండి. తర్వాత మీరు కొనాలనుకుంటున్న రెండు మోడళ్లకు, అవి మార్కెట్లోకి వచ్చిన ఏడాది, మిగిలిన అప్‌డేట్ల ఏళ్లు, ఏడాదికి పడే ఖర్చు పక్కపక్కన వేయండి. ఇంట్లో అందరి ఫోన్లూ ఏ రకమో కింద రాయండి. నాలుగో పాఠం సెకండ్ హ్యాండ్ ఫోన్ల గురించి. దానికి మీ ఫోన్ ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబరు కావాలి. *#06# నొక్కితే తెర మీద కనబడుతుంది, అదే పేజీలో రాసి ఉంచుకోండి.