స్పీడ్ టెస్ట్ వైఫై మీద కాదు, కేబుల్‌తో చేయండి

ప్లాన్‌లో చెప్పిన ఇంటర్నెట్ స్పీడ్ నిజంగా వస్తోందో లేదో తేలాలంటే ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలపండి. టీవీ, మిగతా ఫోన్ల వైఫై కాసేపు ఆపేయండి. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగిపోతోందా? అయితే ముందు రౌటర్‌నే అనుమానించాలి. పాత రౌటర్లలో చాలావాటి పోర్టులు (కేబుల్ గుచ్చే చోట్లు) 100 దాటనివ్వవు. కేబుల్ లోపల ఒక్క తీగ తెగినా ఇదే పరిస్థితి రావచ్చు. కస్టమర్ కేర్‌తో గొడవపడే ముందు కేబుల్ మార్చి చూడండి.

పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి కొలవండి. అందరూ వీడియోలు చూసే వేళలో ఎంత వస్తుందన్నదే నా దృష్టిలో ముఖ్యం. స్పీడ్ టెస్ట్ యాప్ చూపించే సర్వర్ (స్పీడ్ కొలవడానికి అది కనెక్టయ్యే అవతలి కంప్యూటర్) మీకు నెట్ ఇచ్చే కంపెనీదే అయితే వేరేది ఎంచుకోండి. అన్నట్టు, డౌన్‌లోడ్‌లో సెకనుకు 25 ఎంబీ కనిపిస్తే టెన్షన్ పడకండి, 200 ఎంబీపీఎస్ అంటే అంతే: ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లలో, డౌన్‌లోడ్‌లో కనిపించేది మెగాబైట్లలో, ఒక బైట్‌కు ఎనిమిది బిట్లు. స్పీడ్ నిజంగానే తగ్గితే స్క్రీన్‌షాట్లు తీసి, తేదీ, సమయంతో ఫిర్యాదుకు జతచేయండి.