స్పానిష్‌లో ‘ఓలా’ తర్వాత ఏమనాలి?
స్పానిష్‌లో స్నేహితుల్ని పలకరించడానికి ‘ఓలా, కే తాల్?’ చాలు. ఇంగ్లిష్‌లో ‘హాయ్, హౌ ఈజ్ ఇట్ గోయింగ్?’ అన్నట్టే. ఓలా రాసేటప్పుడు ముందు హెచ్ ఉంటుంది, దాన్ని పలకకూడదు. తాల్‌లోది అచ్చం మన ‘త’. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునేవాళ్లు ‘టాల్’ అనేస్తారు, మనకా అవస్థ అక్కర్లేదు.

‘కోమో ఎస్తాస్?’ అంటే ‘ఎలా ఉన్నావు?’. పెద్దవాళ్లనీ కొత్తవాళ్లనీ అడిగేటప్పుడు చివరి ‘స్’ తీసేసి ‘కోమో ఎస్తా?’ అనండి, అది ‘ఎలా ఉన్నారు?’ అవుతుంది. ఇంగ్లిష్‌లో రెండూ ‘హౌ ఆర్ యూ’యే కాబట్టి చాలామంది ఇక్కడే తడబడతారు. తెలుగులో ఆలోచిస్తే తప్పు జరగదు.

మెక్సికోలో కుర్రకారు ‘కే ఓందా?’ అంటారు, అంటే ‘వాట్స్ అప్’. దుకాణంలోకి అడుగుపెడుతూ ‘బ్వేనాస్’ అన్నా సరిపోతుంది.