పాలమూరు నుంచి వలస బస్సెక్కే ముందు

వానల్లేక బోర్లు ఎండితే కోస్గి, మక్తల్ వైపు ఊళ్లు ముంబై, పుణె బాట పడతాయి. మూట కట్టే ముందు రేషన్ సంగతి తేల్చుకోండి. కార్డులో ఉన్న అందరి ఈ-కేవైసీ (వేలిముద్రతో ఆధార్ సరిచూసే పని) బయల్దేరే ముందే పూర్తి చేయించండి. ఆహార భద్రత చట్టం కింది మామూలు కార్డైతే (అంత్యోదయ కాకుండా) ఏ రాష్ట్రంలోనైనా మనిషికి నెలకు 5 కిలోలు ఇస్తారు. కార్డు నంబరు రాసుకుని, అసలు కార్డు ఇంటి దగ్గరి ముసలోళ్లకు ఇచ్చిపోండి. అక్కడ మీ వాటా మటుకే తీసుకోండి. మొత్తం ఎత్తేస్తే ఇక్కడ వాళ్లకు ఆ నెల గింజ మిగలదు. మట్టిపనితో వేలిగీతలు అరిగి మెషిన్ పట్టదు. ఇంకో వేలు పెట్టి చూడండి, అదీ కాకుంటే కంటిపాప స్కాన్ అడగండి.

కూలికి తీసుకెళ్లే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్స్, రోజుకూలి, తేదీ నోటుబుక్కులో రాసి అతని సంతకం పెట్టించండి. నోటిమాట లెక్క సీజన్ చివర్లో పెరుగుతుంది, ఎప్పుడూ తగ్గదు. అప్పు తీరేదాకా కదలొద్దని ఆపితే అది వెట్టిచాకిరీ. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఆ అప్పు చెల్లదు, కలెక్టరుకు గానీ ఆర్డీవోకు గానీ ఫిర్యాదు చేయండి.

పిల్లల్ని వెంట తీసుకెళ్తే, ఎనిమిదో తరగతి దాకా టీసీ ఆలస్యమైందని అక్కడి సర్కారు బడిలో చేర్చుకోకపోవడం కుదరదు.