వీఏ పరిశోధన నిర్వహణ – 5వ పాఠం: జీతం ఏ పద్దులోంచి, మనిషి ఏ హోదాలో?

ముందుగా గత పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు జవాబు. ఒక విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ వారానికి 20 గంటలు వీఏ (అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) ఆసుపత్రిలో జీతం మీద పనిచేస్తున్నారు. మెరిట్ రివ్యూ గ్రాంట్‌కు (వీఏ తన పరిశోధకులకు ఇచ్చే నిధి) ఆయన ప్రధాన పరిశోధకుడిగా ఉండవచ్చా అని అడిగాం. ఇప్పుడున్న 20 గంటలతో కుదరదు. వీఏ లెక్కలో పూర్తి ఉద్యోగం ఎనిమిది వంతులు, అంటే వారానికి 40 గంటలు. ప్రధాన పరిశోధకుడికి కనీసం అయిదు వంతులు, అంటే 25 గంటల జీతపు నియామకం ఉండాలి. 20 గంటలంటే నాలుగు వంతులే. అయితే దరఖాస్తు ఆగనక్కర్లేదు. గ్రాంట్ వస్తే అయిదు వంతులకు పెంచుతామని ఆసుపత్రి డైరెక్టర్ రాతపూర్వకంగా హామీ ఇస్తే సరిపోతుంది. “మా డీన్ ఒప్పుకున్నారు” అని రాసిన ఉత్తరం ఇక్కడ చెల్లదు. హామీ ఇవ్వాల్సింది జీతం ఇచ్చే ఆసుపత్రి.

ఈ నియమానికి మూలం గుర్తుంటే మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి. ఎన్‌ఐహెచ్ (అమెరికా జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ) ప్రధానంగా బయటి విశ్వవిద్యాలయాలకు డబ్బు పంచుతుంది. వీఏ పరిశోధన నిధి మాత్రం ఇంటి సొమ్ము, ఇంట్లోవాళ్లకే. అది వీఏ ఆసుపత్రికే వస్తుంది, దాన్ని నడిపేది వీఏ ఉద్యోగే. మరోపక్క 1946లో వీఏ ఆసుపత్రులను వైద్య కళాశాలలతో ముడిపెట్టినప్పటి నుంచి ఈ ఉద్యోగుల్లో చాలామందికి ఒక కాలు ఆసుపత్రిలో, ఒక కాలు కళాశాలలో. కాబట్టి ఈ పనిలో కూర్చున్నవారు ప్రతి పేరు దగ్గరా మొదట అడగాల్సింది “ఈయన ఏం పని చేస్తారు” అని కాదు, “ఈయనకు జీతం ఎవరిస్తున్నారు” అని. దానికి జవాబు దొరికితే నియామకం ఏ రకమో దానంతటదే తేలుతుంది.

ఒక ఊహా అధ్యయనం తీసుకుందాం: నాలుగేళ్ల మెరిట్ గ్రాంట్, మధుమేహం ఉన్న మాజీ సైనికుల పాదాల పుండ్ల మీద. బృందంలో అయిదుగురు: ప్రధాన పరిశోధకురాలైన డాక్టరు, స్టడీ కోఆర్డినేటర్, స్టాటిస్టీషియన్, ఒక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత శిక్షణగా పరిశోధన చేసేవారు), వేసవిలో వచ్చే వైద్య విద్యార్థి. ఒక్కొక్కరినీ చూద్దాం.

డాక్టరు

బడ్జెట్‌లో ఆమె జీతం గడిలో సున్నా వేయాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. వైద్యులైన పరిశోధకుల జీతాన్ని మెరిట్ గ్రాంట్ ఇవ్వదు. అది వైద్యసేవల పద్దులోంచి వస్తుంది. పరిశోధన డబ్బు వేరే పద్దు, వైద్య, కృత్రిమ అవయవ పరిశోధన పేరుతో కాంగ్రెస్ ఏటా మంజూరు చేసేది. లెక్కల్లో దాని సంఖ్య 0161. ఏ పద్దు ఎందుకు మంజూరైందో దానికే ఖర్చు పెట్టాలన్నది సమాఖ్య చట్టం. పరిశోధన పద్దులో జీతం తీసుకునే నర్సును వార్డులో మనిషి తక్కువయ్యారని రెండు వారాలు అక్కడికి పంపితే, ఆ రెండు వారాలూ చట్టం తప్పినట్టే. వార్డు సూపర్‌వైజర్ మంచి మనసుతోనే అడిగి ఉండవచ్చు. ఆడిట్‌లో ఆ మాట నిలబడదు.

మినహాయింపు కెరీర్ డెవలప్‌మెంట్ అవార్డు, అంటే పరిశోధనలో ఎదుగుతున్నవారికి వీఏ ఇచ్చేది. అందులో రెండో స్థాయిది అయిదేళ్ల వరకు నడుస్తుంది. వైద్యుల జీతం కూడా అందులోంచే ఇస్తారు, బదులుగా వాళ్ల సమయంలో 75 శాతం పరిశోధనకే కేటాయించాలి. ఆసుపత్రి ఆ 75 శాతాన్ని కాగితం మీద ఒప్పుకుని తర్వాత క్లినిక్‌లు పెంచుకుంటూ పోవడం తరచూ కనిపించే జబ్బు. మందు ఒకటే: ఆ డాక్టరు వారపు క్లినిక్ పట్టీని మూడు నెలలకోసారి తెప్పించి చూడటం.

కోఆర్డినేటర్

ఈ ఒక్క ఉద్యోగం నిజంగా గ్రాంట్ మీదే బతుకుతుంది, అందుకే లెక్క ఇక్కడ కచ్చితంగా ఉండాలి. సాధారణంగా ఇది జీఎస్ (అమెరికా ప్రభుత్వ ఉద్యోగుల సాధారణ వేతన పట్టిక)లో టర్మ్, అంటే గడువున్న, నియామకం. ఏడాదికి మించి నాలుగేళ్ల వరకు ఇవ్వవచ్చు. గంట జీతం కట్టేటప్పుడు వార్షిక జీతాన్ని 2,080తో కాదు, 2,087తో భాగించాలి. 52 వారాలను 40తో గుణిస్తే 2,080 వస్తుంది కాబట్టి చాలామంది అదే వాడతారు. చట్టంలో ఉన్నది 2,087.

జీతం 60,000 డాలర్లు, దాని మీద ఇతర సౌకర్యాల (బీమా, పింఛను వంటివి) ఖర్చు 35 శాతం అనుకుందాం. మొదటి ఏడాది 81,000. నాలుగేళ్లకు నాలుగుసార్లు 81,000 వేసి 3,24,000 అని రాసేస్తే ఏమవుతుందో చూడండి. జనవరిలో జీతాల పెంపు ఉంటుంది. అది కాక, మొదటి మెట్టులో చేరిన ఉద్యోగి 52 వారాలకు రెండో మెట్టు, మరో 52కు మూడు, మరో 52కు నాలుగు ఎక్కుతారు. మెట్టు విలువ సుమారు 3 శాతం. జనవరి పెంపు కూడా 3 అనుకుంటే ఏటా 6 శాతం:

మొదటి ఏడాది 81,000
రెండో ఏడాది 85,860
మూడో ఏడాది 91,012
నాలుగో ఏడాది 96,472
మొత్తం 3,54,344

తేడా 30,344 డాలర్లు. మూడో ఏట పరీక్ష సామగ్రి కొనడానికి డబ్బు లేదని పరిశోధకులు మొత్తుకునేది ఈ రంధ్రం వల్లే. నాలుగో మెట్టు నుంచి ఎదురుచూపు 104 వారాలు, ఏడో మెట్టు నుంచి 156. కాబట్టి పాత ఉద్యోగిని పెట్టుకుంటే పెరుగుదల నెమ్మది, మొదటి ఏడాది అంకె మాత్రం పెద్దది. రెండు లెక్కలూ వేసి చూసుకోవాలి.

రెండో చిక్కు సమయం. గ్రాంట్ మంజూరు ఉత్తరం వచ్చాక ఉద్యోగ వివరణ రాయడం మొదలుపెడితే, వర్గీకరణ, ప్రకటన, ఎంపిక, నేపథ్య విచారణ అన్నీ ముగిసేసరికి నెలలు గడిచిపోతాయి. అయిదు నెలలు ఆలస్యమైతే పై లెక్కలో 33,750 డాలర్లు మిగులుతాయి. మిగిలాయని సంతోషించడానికి లేదు. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. 0161 పద్దుకు కాంగ్రెస్ ఇచ్చే గడువు రెండేళ్లు, ఆ తర్వాత ఆ డబ్బుతో కొత్త ఖర్చు ఏదీ ఒప్పుకోలేరు. అందుకే మంజూరుకు ముందు అదనపు పత్రాలు అడిగే దశ వస్తుందే, జస్ట్ ఇన్ టైమ్ అంటారు, ఆ కబురు అందిన రోజే ఉద్యోగ వివరణ ముసాయిదా మానవ వనరుల విభాగానికి చేరాలి. గ్రాంట్ చివరికి రాకపోతే పోయేది ఒక ముసాయిదా మాత్రమే.

స్టాటిస్టీషియన్

ఈయన విశ్వవిద్యాలయ ఉద్యోగి. వారంలో ఒక రోజు, 20 శాతం, కావాలి. ఇందుకు ఐపీఏ ఒప్పందం ఉంది. 1970 నాటి అంతర్ ప్రభుత్వ సిబ్బంది చట్టం పేరు మీద వచ్చిన పొట్టిపేరు అది. మనిషి విశ్వవిద్యాలయ ఉద్యోగిగానే ఉంటారు, వీఏ ఆయన సమయానికి జీతం, సౌకర్యాల ఖర్చు తిరిగి చెల్లిస్తుంది. జీతం 1,20,000 అయితే 20 శాతం 24,000. విశ్వవిద్యాలయ సౌకర్యాల రేటు 28 శాతం అయితే 6,720. మొత్తం 30,720. అంతే.

విశ్వవిద్యాలయ గ్రాంట్ల కార్యాలయం అలవాటుకొద్దీ దీని మీద 50 శాతం పరోక్ష ఖర్చు (భవనం, కరెంటు, కార్యాలయం వంటివాటికి) కలిపి 46,080కి బిల్లు పంపుతుంది. ఐపీఏలో పరోక్ష ఖర్చులకు చోటు లేదు. ఆ 15,360 కట్టకూడదు. కట్టాక వెనక్కి రాబట్టడం నరకం, కాబట్టి ఒప్పందంలోనే అంకెలు విడివిడిగా రాయించండి.

కాలపరిమితి: మొదట రెండేళ్లు, ఇంకో రెండేళ్లు పొడిగింపు. నాలుగేళ్లు ఏకబిగిన పూర్తయితే, తిరిగి ఐపీఏ మీద తెచ్చుకోవడానికి ముందు 12 నెలలు ఆయన సొంత సంస్థలో ఉండాలి. మన అధ్యయనం నాలుగేళ్లదే, కానీ ఈ స్టాటిస్టీషియన్ ఇంకో వీఏ ప్రాజెక్టులో ఇప్పటికే ఏడాదిన్నర ఐపీఏ మీద ఉండి ఉంటే? మన మూడో ఏడాది మధ్యలో ఆయన చేజారతారు. సంతకాలకు ముందు పాత ఒప్పందాల తేదీలు అడగండి.

పోస్ట్‌డాక్, విద్యార్థి

ఐపీఏకి ఇంకో షరతు ఉంది: ఆ వ్యక్తి తన సంస్థలో శాశ్వత తరహా ఉద్యోగంలో కనీసం 90 రోజులు పనిచేసి ఉండాలి. విద్యార్థులు ఈ షరతుకు తగరు, కాబట్టి వారికి ఐపీఏ కుదరదు. శిక్షణ ఫెలోషిప్ మీద ఉన్న పోస్ట్‌డాక్ కూడా చాలాసార్లు ఈ గీత దగ్గరే ఆగిపోతారు.

మన పోస్ట్‌డాక్‌కు విశ్వవిద్యాలయమే వేరే గ్రాంట్‌లోంచి జీతం ఇస్తోంది అనుకుందాం. విద్యార్థికి ఎవరూ ఏమీ ఇవ్వడం లేదు. ఇద్దరికీ వీఏ నుంచి పైసా రాదు. మరి నేరుగా వచ్చి పని చేసేయవచ్చా? చేయకూడదు. ఊరికే చేస్తానంటే ప్రభుత్వానికి నష్టమేమిటని అనిపిస్తుంది. కానీ సమాఖ్య సంస్థలు చట్టం అనుమతిస్తే తప్ప స్వచ్ఛంద సేవను స్వీకరించడానికి వీల్లేదు. ఆ అనుమతి వీఏకి వేరుగా ఉంది: జీతం లేని నియామకం, డబ్ల్యూఓసీ. జీతం లేకపోయినా అది నియామకమే. వేలిముద్రలు, నేపథ్య విచారణ, చదువు ధ్రువీకరణ, గుర్తింపు కార్డు, ఆవిష్కరణల హక్కుల మీద సంతకం, ఏయే పనులు చేయవచ్చో రాసిన పరిధి పత్రం అన్నీ ఉంటాయి. పరిధి పత్రానికి లోబడి పనిచేస్తున్నప్పుడు ఏదైనా పొరపాటు జరిగి రోగి దావా వేస్తే, ప్రభుత్వం రక్షణగా నిలుస్తుంది. నియామకం పూర్తికాకుండా రోగి ఫైలు ముట్టుకున్నవారికి ఆ రక్షణ లేదు.

అమెరికా విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో ఉన్న మన తెలుగు పోస్ట్‌డాక్‌లు, విద్యార్థులు చాలామంది రోడ్డు దాటి పక్కనున్న వీఏలోకి వచ్చేది ఈ దారినే. ప్రొఫెసర్ “రేపటి నుంచి అక్కడ కూర్చో” అంటారు, కాదనలేక వెళ్లి కూర్చుంటారు. కార్డు చేతికి రాకముందు డేటా తెరవవద్దు, ఇంకొకరి లాగిన్‌తో అసలే వద్దు. సమాచార భద్రత ఉల్లంఘన కింద నమోదయ్యేది మీ పేరే. ఇంకొక మాట: పౌరసత్వం లేనివారిని వీఏ నేరుగా జీతపు ఉద్యోగంలో పెట్టుకోవాలంటే, వైద్య వృత్తులకు సంబంధించిన చట్టం కింద అర్హులైన పౌరులు దొరకలేదని చూపాలి. అందువల్ల వీసా మీదున్నవారికి డబ్ల్యూఓసీ, లేదా విశ్వవిద్యాలయ ఉద్యోగం ఉంటే ఐపీఏ, ఇవే ఆచరణలో కనిపించేవి. వీసా పత్రాలు, గడువు తేదీలు దరఖాస్తుతోనే ఇవ్వండి. నియామకం గడువు వీసా గడువు దాటిపోకుండా చూసుకోవాలి.

జీతం ఇచ్చేది వీఏ అనుబంధ లాభాపేక్ష లేని కార్పొరేషన్ అయితే? 1988లో కాంగ్రెస్ అనుమతితో పుట్టిన ఈ కార్పొరేషన్లు ఎన్‌ఐహెచ్, రక్షణ శాఖ, మందుల కంపెనీల డబ్బును ఆసుపత్రి తరఫున నడుపుతాయి. వాటి ఉద్యోగి వీఏ ఉద్యోగి కాదు. కాబట్టి ఇక్కడా డబ్ల్యూఓసీయే. తలకిందులుగా మాత్రం చేయకండి: వీఏ జీతం తీసుకుంటున్న డాక్టరుకు అదే గంటల పనికి కార్పొరేషన్ నుంచి కొంత కలిపి ఇవ్వడం నేరశిక్షాస్మృతి కిందికి వచ్చే విషయం.

రెండు చోట్లా జీతం ఉన్న పరిశోధకుడికి ఎన్‌ఐహెచ్ గ్రాంట్ విశ్వవిద్యాలయం ద్వారా వస్తే, రెండు సంస్థల మధ్య అవగాహన పత్రం తప్పనిసరి. ఏ చోట ఏ పని, ఎంత శాతం సమయం అన్నది అందులో ఉండాలి. బాధ్యతలు మారినప్పుడల్లా, మారకపోయినా ఏడాదికొకసారి, దాన్ని కొత్తగా రాయాలి.

పని మొదలు

అందరి నియామకాలూ అయ్యాయి, డబ్బు వచ్చింది. ఇంకా మొదలుపెట్టకూడదు. నైతిక సమీక్షా మండలి అనుమతి ఒకటి, భద్రతా ఉపసంఘానిది ఒకటి, వాటిని చూసి పరిశోధన, అభివృద్ధి కమిటీ ఇచ్చేది ఒకటి. ఆ తర్వాత పరిశోధన విభాగాధిపతి “ఇక మొదలుపెట్టవచ్చు” అని రాసే ఉత్తరం. ఆ ఉత్తరం తేదీకి ముందు సేకరించిన ఏ సమాచారమూ పనికిరాదు.

ప్రతి పేరు ఎదురుగా ఒక పట్టిక పెట్టుకోండి: జీతం ఇచ్చేవారు, నియామకం రకం, అది ముగిసే తేదీ, పరిధి పత్రం తేదీ, మానవ పరిశోధన శిక్షణ తేదీ, గోప్యత–సమాచార భద్రత శిక్షణ తేదీ. మానవ పరిశోధన శిక్షణ మూడేళ్లకోసారి, గోప్యతది ఏటా. రెండోది దాటిపోతే కంప్యూటర్ ప్రవేశమే ఆగిపోతుంది, కోఆర్డినేటర్ ఒక ఉదయం రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తెర తెరవలేక చిక్కుకుంటారు. ముగింపు తేదీకి 90 రోజుల ముందు గడి రంగు మారేలా పెట్టుకుంటే చాలు.

అభ్యాసం

ఒక ఫిజియోథెరపిస్టు వారానికి 40 గంటల వీఏ ఉద్యోగి, జీతం వైద్యసేవల పద్దులోంచి. మన అధ్యయనానికి వారానికి 8 గంటలు కావాలి. ఆ 8 గంటల జీతం గ్రాంట్‌లోంచి ఇవ్వాలంటే ఎవరెవరి సంతకాలు, ఏ లెక్కలు కావాలి? ఆమెకు ఐపీఏ వాడవచ్చా? ఒక పేజీలో రాయండి. గంట జీతాన్ని 2,087తో కట్టండి. వార్షిక జీతం 90,000, సౌకర్యాలు 35 శాతం అనుకోండి. జవాబు 6వ పాఠం మొదట్లో ఇస్తాం. ఆ పాఠంలో విషయం ఏడాది మధ్యలో నిధుల తగ్గింపు, కాంగ్రెస్ బడ్జెట్ ఆలస్యమైనప్పుడు టర్మ్ ఉద్యోగులను నిలుపుకోవడం.